గుండిగ పెద్దదైతే ఎక్కువ మెతుకులు పట్టి చూడాలా?

కోట్ల మంది ఓటర్లున్న రాష్ట్రంలో వెయ్యి మందిని అడిగి గెలుపోటములు చెప్పేస్తారా, కనీసం లక్ష మందినైనా అడగొద్దా? ఎన్నికల సర్వే వచ్చినప్పుడల్లా పాఠకులు వేసే ప్రశ్న ఇది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్న సామెతతో సరిపెట్టేయొచ్చు గానీ, అది ఇక్కడ సగమే నిజం. మెతుకులన్నీ ఇంచుమించు ఒకేలా ఉడుకుతాయి కాబట్టి ఒకటి చాలు. మనుషులు అలా కాదు. ఎన్ని పట్టి చూడాలన్నది వాటి మధ్య తేడాను బట్టి ఉంటుంది, గుండిగ సైజుతో దాదాపు పని లేదు.

ఓటర్లు సరిగ్గా చెరిసగం చీలారనుకుందాం. లాటరీ తీసినట్టు వెయ్యి మందిని ఎంచి, ‘అవును’కు 1, ‘కాదు’కు 0 వేద్దాం. నిజం 0.5 కనుక ప్రతి జవాబూ అటో ఇటో అర తప్పు. వెయ్యి అరలు కలిస్తే 500 తప్పు కావాలి కదా? కాదు, హెచ్చులూ తగ్గులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది వెయ్యి వర్గమూలంలో సగం, అంటే సుమారు 16 మంది. వెయ్యికి 16 అంటే 1.6 శాతం. ఇదే ప్రామాణిక దోషం. దాన్ని రెట్టింపు చేస్తే వచ్చే 3 శాతం హద్దులో నూటికి 95 సర్వేలు నిజాన్ని పట్టుకుంటాయి. ఎకరా దిగుబడి సగటుకూ ఇదే లెక్క, అర బదులు పొలానికీ పొలానికీ ఉండే తేడా పెట్టాలి, అంతే. ఇందులో మొత్తం జనాభా ఎక్కడా రాలేదు చూశారా! రెండు వేల మంది ఉన్న ఊళ్లో వెయ్యి మందిని అడిగితే 3 శాతం 2.2కు దిగుతుంది, కోటి మందిలో ఆ లాభం కంటికి ఆనదు. వర్గమూలం మాత్రం పరమ పిసినారి, దోషం సగం కావాలంటే నాలుగింతల మందిని అడగాల్సిందే. ఇంకేదైనా తెలివైన సూత్రం ఉందేమోనని వెతకనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో కలకత్తాలో ఉండగా, పక్షపాతం లేని ఏ అంచనాకైనా దోషం ఇంతకన్నా తగ్గదని ఒక అడుగు గీత గీశారు. మామూలుగా లెక్కపెట్టి తీసిన శాతం సరిగ్గా ఆ గీత మీదే నిలుస్తుంది.

మరి సర్వేలు ఎందుకు బోల్తా పడతాయి? 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి చీటీలు పంపింది. 23 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. సూత్రం ప్రకారం దోషం 0.07 శాతం కూడా ఉండకూడదు. అభ్యర్థి లాండన్‌కు 57 శాతమని పత్రిక చెప్పింది; 60 శాతానికి పైగా ఓట్లతో అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ గెలిచాడు. సుమారు 50 వేల మందినే అడిగిన సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. డైజెస్ట్ జాబితాల్లో టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్లే ఎక్కువ. చీటీ తిప్పి పంపినవాళ్లూ ఒక తరహా మనుషులే. పైపై మెతుకులు లక్షల్లో పట్టి చూసినా అడుగు మాడిన సంగతి తెలియదు. సూత్రం కొలిచేది లాటరీ అదృష్టాన్ని మాత్రమే, జాబితాలో లేనివాళ్ల గురించి దానికేం తెలుసు? పైగా ఆ 3 శాతం ఒక్కో పార్టీ వాటాకు చెప్పింది. రెండు పార్టీల మధ్య తేడాకు హద్దు సుమారు 6. వెయ్యి మంది సర్వేలో 48, 46 వస్తే ‘రెండు శాతం ముందంజ’ అని బ్యానర్ కట్టే పత్రికలు ఆ 6ను ఏ మూలనా అచ్చు వేయవు.