విజ్ఞానాభిలాషకు మూలమేది?

నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పుదురు. సిద్దిపేట జిల్లాలోని చంద్లాపూరు గ్రామమున నీరు మిట్ట కెక్కినది. మధ్యమానేరునుండి అనంతగిరి జలాశయము మీదుగా సొరంగమున వచ్చిన జలమును భూగర్భమందలి యంత్రములు పైకెత్తగా, 2020 ఏప్రిల్ నెలలో 300 కోట్ల ఘనపుటడుగులు పట్టు రంగనాయక సాగరములోనికి అది తొలిసారి చేరినది. ఆ దృశ్యమును జూచి, నీ రెట్లెక్కెనని యడుగని బాలుడుండునా? అడిగినపుడు సమాధానము చెప్పువా రెవరన్నదే మా చింత.

విజ్ఞానశాస్త్రమును జీవితవృత్తిగా గైకొనుటకు జీతమును, ప్రతిష్ఠయు కారణములని కొందరందురు. మే మంగీకరింపజాలము. ఆంధ్రదేశమున పుట్టిన మహాశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన ఆయన యౌవనముననే తన సోదరు లిద్దరిని స్ప్రూ యను గ్రహణిరోగమునకు కోలుపోయెను. ఆ వ్యాధియే ఆయననును పట్టినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికెను. నాటి పాశ్చాత్యవైద్యమున ఆ రోగమునకు నిశ్చితమగు మందు లేదు. మందు లేకుండుట యేల యను ప్రశ్న ఆయనను వదలలేదు.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన దోషమునకు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, పూర్ణపట్టమునకు మారుగా తక్కువపట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెనని చెప్పుదురు. ఖద్దరువలన బుద్ధి తరుగునని ఆ ఆచార్యుడు తలచెను గాబోలు! 1923లో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు చదివిరి. 1925లో ఫిస్కేతో గూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలవారు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూరోగులకు అది పనిచేసినది. తన యింటిని పాడుచేసిన వ్యాధికి ఆయనయే మందు పంపినట్లైనది. కాని 1948లో అచటనే కన్నుమూసెను. జన్మభూమిని మరల చూడలేదు.

ఇచట నొక సంగతి మరువరాదు. ఆ దినములలో గ్రహణిచే దుఃఖించిన కుటుంబములు వేలకొలదిగా నుండెను. సుబ్బారావు ఒక్కడే వెలువడెను. దుఃఖము ప్రశ్నను పుట్టించును గాని ఓడ కేవు చెల్లింపదు. కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మనిధి యొసగిన యాసరాయు, మామగారి సొమ్మును లేకున్న ఆయన సముద్రము దాటుట కల్ల. ఆ చేయూత దొరకక ఊరిలోనే అణగిపోయిన సుబ్బారావు లెందరో లెక్క యెవరు చెప్పగలరు?

చంద్లాపూరు బాలునికి రెండవ ప్రశ్నయు సిద్ధముగా నున్నది. ఈ కాళేశ్వరపథకముననే, మేడిగడ్డవద్ద ఆనకట్ట స్తంభములు 2023 అక్టోబరులో కుంగినవి. దోష మెవరిదని పెద్దలు కలహించిరి. స్తంభముక్రింది యిసుక యేమైనదని బాలు డడుగును. మా దృష్టిలో బాలుని ప్రశ్నయే మేలైనది. దానికి బదులు రాని దినమున పెద్దల కలహము తెగదు.

కావున చంద్లాపూరు పంపుగృహమునకు చుట్టుపట్ల గ్రామముల బాలబాలికలను నెలకొక దినము తోడ్కొనిపోవలెననియు, అచటి ఇంజనీర్లు యంత్రములను చూపి తేటతెలుగున వివరింపవలెననియు ప్రభుత్వమును కోరుచున్నాము. మేడిగడ్డ మాట యెత్తిన పిల్లవానిని కసరి పంపరాదు.