ఇంటర్వ్యూ అనే కొలత

బిషాన్‌లో సర్కిల్ లైన్ రైలెక్కితే, రైలు మారకుండానే వన్-నార్త్ పరిశోధనాలయాలకు చేరవచ్చు. ఉద్యోగార్థికి ప్రయాణం సులభమే. అక్కడ ఎదురయ్యే ప్రశ్నలే కష్టం.

శాస్త్రదృష్టితో చూచినప్పుడు ఇంటర్వ్యూ కూడా ఒక కొలత పరికరమే. ఒకే నమూనాను ఇద్దరు రసాయనజ్ఞులు పరీక్షించినా ఫలితం ఒకే విధంగా రావాలి. ఒక అభ్యర్థిని క్రికెట్ గురించి, మరొకరిని స్వస్థలం గురించి అడిగితే పోల్చడానికి ఆధారమేది? 2022లో పాల్ సాకెట్, ఆయన సహచరులు పూర్వ పరిశోధనలను తిరిగి లెక్కించారు. ఇంటర్వ్యూ మార్కులకూ తరువాతి పనితీరుకూ సంబంధమే లేకుంటే సున్నా, సంపూర్ణంగా ఉంటే ఒకటి అనుకుందాం. అందరినీ అవే ప్రశ్నలడిగి, ముందే నిర్ణయించిన ప్రమాణంతో మార్కులు వేసే పద్ధతికి 0.42, ఇష్టాగోష్ఠికి 0.19 వచ్చాయి.

కావున పరీక్షకుడు అభిప్రాయాన్ని గాక, జరిగిన పనిని అడగాలి: "ప్రయోగం విఫలమైనప్పుడు మీరేం చేశారు?" అభ్యర్థి పరిస్థితిని, తన బాధ్యతను, చేసిన పనిని, ఫలితాన్ని వరుసగా చెప్పాలి.

ఇక్కడ తెలుగువారికొక చిక్కు ఉంది. "నేను చేశాను" అనడం ఆత్మస్తుతి అని పెద్దలు నేర్పారు. అందుచేత చాలామంది "మేము చేశాము" అంటారు. ఆ వినయంలో వ్యక్తి కృషి మరుగున పడుతుంది. "బృందంలో ఐదుగురం, మలినాన్ని గుర్తించిన విశ్లేషణ నాది" అంటే వినయమూ నిలుస్తుంది, సత్యమూ తెలుస్తుంది. పరీక్షకుడు కూడా వెంటనే మార్కులు తగ్గించక, "అందులో మీ వంతు ఏమిటి?" అని అడగడం న్యాయం.

"మీ లోపమేమిటి?" అన్నప్పుడు "అతిగా శ్రమించడమే" అనే జవాబును ఎవరూ నమ్మరు. నిజమైన లోపాన్నొకటి చెప్పి, దాన్ని సరిదిద్దుకుంటున్న విధానాన్ని వివరించడం మేలు.

పిల్లల కోసం కొన్నేళ్ళు ఉద్యోగం మానిన తల్లిని "ఇంట్లో పిల్లల్నెవరు చూస్తారు?" అని అడగడం పనికి సంబంధించినది కాదు. సింగపూర్ పార్లమెంటు 2025 జనవరిలో ఆమోదించిన బిల్లు వైవాహిక స్థితి, సంరక్షణ బాధ్యతల ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఆ ప్రశ్న ఎదురైతే, "ఈ ఉద్యోగ వేళలకు నాకు ఇబ్బంది లేదు" అని క్లుప్తంగా చెప్పి, తన అనుభవం వైపు మాట మళ్ళించవచ్చు.

చివరిగా, పరీక్షకులు ఎవరి మార్కులు వారు వ్రాసుకున్న తరువాతనే పరస్పరం చర్చించుకోవాలి. లేకుంటే మొదట మాట్లాడిన పెద్దమనిషి అభిప్రాయమే అందరి తీర్పు అవుతుంది.