గోడకెక్కిన ఉత్తర్వు

ఆహార హక్కు ఉద్యమంపై ముఖచిత్ర కథనం గురువారానికల్లా ఇవ్వాలన్నారు సంపాదకులు. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చేతికొచ్చాక మిగతా కాగితాలు పక్కన పెట్టేశాను.

అందులో ఉన్నదంతా పళ్లెం లెక్క, పింఛను లెక్క. సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో ప్రతి బిడ్డకూ వండిన భోజనం పెట్టాలి. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులకు తగ్గకుండా. ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలి. అక్కడ గర్భిణికీ బాలింతకూ 500 కేలరీలు అందాలి. పేద వృద్ధుల పింఛను నెలనెలా 7వ తేదీలోగా చేరాలి. పేద ఇంట్లో సంపాదించే మనిషి పోతే నాలుగు వారాల్లో సర్పంచ్ ద్వారా 10,000 రూపాయలు ఇవ్వాలి.

వీటన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది చివరి ఆదేశం. ఈ ఉత్తర్వును ప్రాంతీయ భాషల్లోకి మార్చి పంచాయతీ ఆఫీసు, బడి, రేషన్ షాపు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి. రేడియోలో, దూరదర్శన్‌లో చెప్పాలి. ఎంత రావాలో తెలియని మనిషి ఎవరిని నిలదీస్తాడు? అంకె గోడ మీదుంటే అక్షరం వచ్చిన పిల్లయినా చదివి అమ్మకు చెబుతుంది.

బడుల్లో వండి పెట్టడానికి సగం జిల్లాల్లో మూడు నెలలు, మొత్తం రాష్ట్రానికి ఆరు నెలలు గడువిచ్చారు. చాలా రాష్ట్రాలు కదల్లేదు. అప్పుడు ఆహార హక్కు ఉద్యమంలోని సంఘాలన్నీ ఒక్కటై 2002 ఏప్రిల్ 9న తొమ్మిది రాష్ట్రాల్లో వీధికెక్కాయి. చాలాచోట్ల ఊరివాళ్లే అన్నం వండి, నలుగురూ చూస్తుండగా పిల్లలకు వడ్డించారు. ఊరు పెట్టగలిగిన ముద్దను సర్కారు ఎందుకు పెట్టలేదన్న ఆ ప్రశ్నకు ఏ అధికారి దగ్గరా జవాబు లేదు. ఇన్ని ఉద్యమాల్లో ఇంత సూటి నిరసన నాకు మరొకటి కనబడదు.

వెనకటి సంగతి క్లుప్తంగా: రాజస్థాన్‌లో కరువు, గోదాముల్లో ముక్కిపోతున్న ధాన్యం, 2001 ఏప్రిల్‌లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్, దాని చుట్టూ చేరిన మహిళా, దళిత, కార్మిక సంఘాలు, చివరికి 2013లో ఆహార భద్రతా చట్టం. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడిలో వండి పెట్టడం మొదలైంది 2003 జనవరిలో. అంతకుముందు నెలకు 3 కిలోల బియ్యం సంచిలో పోసి ఇంటికి పంపేవారు.

శంకరన్ గారు
ఉత్తర్వు అమలు చూడమని కోర్టు 2002 మేలో ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి.సక్సేనా, రెండోవారు మన ఎస్.ఆర్.శంకరన్. వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడిన ఈ ఐఏఎస్ అధికారిని 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించారు. ఆ తర్వాతా ఆయన గిరిజనుల పక్షం వీడలేదు.

వంట ఎవరిది?
వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న కోర్టు చెప్పింది.

ఆ వంటమ్మల గౌరవ వేతనానికి కేంద్రం 2009లో నిర్ణయించిన లెక్క నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. పైన కలిపేది రాష్ట్రాల దయ. పిల్లల పళ్లేనికి కేలరీలు రాయించిన సంఘాలన్నీ మళ్లీ ఒక్కటై ఈ అంకెను మార్పించాలి.