సెలవు ముగిసిన నాటి నుంచి బడి మొదలయ్యే దాకా: పుదుచ్చేరి తెలుగు ఇళ్లలో పసిపిల్లల పెంపకం

ప్రసూతి సెలవు 26 వారాలు. అంగన్‌వాడీలో గానీ నర్సరీలో గానీ పిల్లను కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండాక. ఈ రెండింటికీ మధ్య రెండున్నరేళ్లు. పిల్ల పాకడం, నిలబడడం, నడవడం, మాట్లాడడం, అన్నిటికీ ‘వద్దు’ అనడం నేర్చేది సరిగ్గా ఈ రెండున్నరేళ్లలోనే. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఈ కాలాన్ని ఎవరు మొయ్యాలన్నది దేశమంతటా ఉన్న ప్రశ్నే. పుదుచ్చేరి పట్టణంలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు దానికి తోడు ఇంకో రెండు చిక్కులు: అమ్మమ్మగారి ఊరు దూరం, వీధి భాష వేరు.

పుదుచ్చేరిలో తెలుగువాళ్లేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు ఒడ్డున, మాహే కేరళలో, యానాం మన గోదావరి ఒడ్డున ఉన్నాయి. 1954 నవంబరు 1న ఫ్రెంచి వాళ్లు పాలన అప్పగించాక, 1962లో చట్టబద్ధంగా భారతదేశంలో కలిశాక కూడా రాజధాని పుదుచ్చేరే. యానాం నుంచి అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. సచివాలయం, ఇతర ప్రభుత్వ కార్యాలయాలు, జిప్‌మర్ ఆసుపత్రి, కాలాపట్టులోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, వీటిలో ఉద్యోగాలకో చదువులకో యానాం నుంచి, ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు అక్కడ కాపురాలు పెడుతుంటారు. అద్దె ఇల్లు దొరుకుతుంది, సాంబారు అలవాటవుతుంది. పిల్ల పుట్టేదాకా పెద్ద ఇబ్బంది తెలియదు.

లెక్క ఎక్కడ తెగుతుంది

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మొదటి ఇద్దరు పిల్లల వరకే ఇది, ఆ తరువాతి కాన్పుకి 12 వారాలే. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్న వైద్యుల సలహాకు 26 వారాలు సరిగ్గా సరిపోతాయని అనుకుంటాం. కానీ ఆ 26 వారాల్లో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవాళ్లకు బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల చిల్లర. బిడ్డ మెడ నిలబెట్టే వేళకి తల్లి ఆఫీసులో ఉండాలి. చట్టం కాయితం మీద ఉదారంగానే కనిపిస్తుంది, ఇల్లు గడిచేది మాత్రం ఈ కూడికలు తీసివేతల మీద.

కేంద్ర నిబంధనలు వర్తించే ఉద్యోగినుల పరిస్థితి కాస్త నయం. వాళ్లకు 180 రోజుల ప్రసూతి సెలవు కాక, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోగా మొత్తం ఉద్యోగ కాలంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు 80 శాతం. అయితే అది హక్కుగా అడిగేది కాదని నిబంధనలోనే రాసుంది. పై అధికారి ఒప్పుకోవాలి. ఏడాదికి మూడు విడతలే, ఒంటరి తల్లులకు ఆరు. పిల్లకి విరేచనాలు పట్టుకున్న రోజున, ఈ ఏడాది విడతలు ఇంకెన్ని మిగిలాయని తల్లి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

తండ్రి సంగతా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి పితృత్వ సెలవు ఇచ్చి తీరాలన్న జాతీయ చట్టమేదీ లేదు. పెంపకం ఆడవాళ్ల పని అని మన ఇళ్లలో అనుకోవడం ఒక ఎత్తు, ప్రభుత్వం దాన్ని సెలవు రిజిస్టరులో రాసిపెట్టడం ఇంకో ఎత్తు.

క్రెష్ అనే ఫ్రెంచి మాట

పుదుచ్చేరి వీధుల పేర్లు ఇప్పటికీ ‘ర్యూ’ అని మొదలవుతాయి. మనం ఇంగ్లీషు మాటనుకుని వాడే ‘క్రెష్’ కూడా అక్కడిదే. ఫ్రెంచిలో దానికి పశువుల మేత తొట్టె అని అర్థం, బాల ఏసును పడుకోబెట్టిన తొట్టె అన్నమాట. కూలికి వెళ్లే తల్లుల పిల్లల కోసం ఫిర్మాఁ మార్బో అనే ఆయన 1844లో పారిస్‌లో తెరిచిన శిశు గృహానికి ఆ పేరు పెట్టాడు. ఫ్రాన్సులో ఈరోజు మూడేళ్లకే బడి తప్పనిసరి, 2019 నుంచి. ఫ్రెంచి పేర్లున్న వీధుల్లో కాపురముంటున్న మన పిల్లలకు ఆ మాట వచ్చింది గానీ ఆ వసతి రాలేదు.

2017 సవరణ ప్రకారం 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలి. తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. వినడానికి బాగుంది. కానీ పర్యాటకుల మీద నడిచే ఊళ్లో దుకాణం, గెస్ట్‌హౌస్, కేఫ్, క్లినిక్ వంటి వాటిలో పనిచేసే మనుషులు పదీ ఇరవై మందే. చట్టం 50 దగ్గర మొదలైతే వీళ్లు ముందే బయట ఉండిపోతారు. అంగన్‌వాడీలో మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి తీసుకెళ్లే పోషకాహారం ఇస్తారు, పగలంతా ఉంచుకోరు. అంగన్‌వాడీకే క్రెష్‌ను జోడించే ‘పాల్నా’ పథకాన్ని కేంద్రం తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. మీ వార్డులో అలాంటి కేంద్రం ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్ని అడిగితే తెలుస్తుంది. చదువుకున్న ఉద్యోగస్థులు ‘అది మనకి కాదులే’ అని అడగనే అడగరు.

చివరికి మిగిలేది వంతులు. మూడు నెలలు అమ్మమ్మ, తరువాత మామ్మ, మధ్యలో ఎవరూ రాని నెలల్లో ఒక తమిళ ఆయా. ఆయాను మాన్పిస్తే ఏమవుతుందోనన్న భయం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఆమెకి సెలవు లేదు, పనివేళల చట్టం లేదు, చాలాసార్లు ఆమె పిల్ల కూడా మూడేళ్లలోపుదే. ఆ పిల్లని ఎవరు చూస్తున్నారని అడిగే ఇళ్లు తక్కువ.

‘ఇల్లె’ అంటే ఇల్లు కాదు

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పిల్ల చెవిన పడేది తమిళం. బువ్వ, ఉంగ, లాల, బజ్జో అనే మన చంటి మాటల ప్రపంచం ఆ తరువాతే మొదలవుతుంది. దాంతో పిల్ల నీళ్లను ‘తణ్ణి’ అంటుంది, వద్దనడానికి ‘వేణాం’ అంటుంది. తల అడ్డంగా ఊపుతూ ‘ఇల్లె’ అంటే, కాకినాడ నుంచి కొత్తగా దిగిన అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లమంటోందనుకుంటుంది. తమిళంలో అది ‘లేదు, కాదు’. బూచాడు వస్తాడంటే బెదరని పిల్ల ‘పూచ్చాండి’ అనగానే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. అమ్మ, అక్క, తాత, పాలు లాంటి మాటలు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే కావడం మన అదృష్టం.

ఇక్కడే పెద్దవాళ్ల బెంగ మొదలవుతుంది. ‘రెండు భాషలు కలిపేస్తున్నారు, అందుకే పిల్లకి మాటలు ఆలస్యం’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే తెలుగూ తమిళమూ మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమంటారు. ఈ రెండు సలహాలకూ ఆధారం లేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని భాషా పరిశోధన దశాబ్దాలుగా చెబుతోంది. ఒక్క భాషలో లెక్కపెడితే మాటలు తక్కువ కనిపించవచ్చు. అందుకే తెలుగులో వచ్చిన మాటల్నీ తమిళంలో వచ్చిన మాటల్నీ కలిపి లెక్కపెట్టాలి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం కూడా గందరగోళం కాదు. ఏ మాట ముందు దొరికితే అది వాడుకోవడమే. పెద్దవాళ్లం మనం చేసేదీ అదే.

అలాగని అన్నీ భాషల మీదికి నెట్టేసి ఊరుకోకూడదు. ఏ భాషలోనైనా సరే, ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించి ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అనే సర్దుబాటు వల్ల విలువైన నెలలు పోతాయి. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అందులో భాగంగా వచ్చిన జిల్లా స్థాయి కేంద్రాల్లో పరీక్షలు ఉచితం.

తెలుగు నిలబడాలంటే పిల్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. టీవీలో తెలుగు రైమ్స్ పెట్టడం దానికి బదులు కాదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని భారత శిశువైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంటకు మించొద్దు. అమెరికా శిశువైద్యుల సంఘం పసిపిల్లల విషయంలో వదిలిన మినహాయింపు ఒక్కటే, వీడియో కాల్. అవతల మనిషి పిల్ల చెప్పినదానికి బదులిస్తుంది కాబట్టి. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి అమ్మమ్మకు దీనికంటే పెద్ద అనుమతి అక్కర్లేదు.

ముద్ద, ఫోను, తూకం

అన్నం దగ్గర గొడవ అన్ని ఊళ్లదీ. ‘నిరుడు ఇలా లేదు, ఇప్పుడేమీ తినడం లేదు’ అంటారు. నిరుడు అలా ఉండక తప్పదు మరి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. అది తెలియక ఫోను చూపించి ముద్దలు కుక్కుతాం. కడుపు నిండిన సంగతి తెలుసుకోవడమే పిల్ల మరిచిపోతుంది.

నిజంగా చూడాల్సింది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇది పేదిళ్ల సమస్యేననుకోవడం పొరపాటు. అన్నం తినలేదని రోజంతా పాల సీసా ఇచ్చే ఇంట్లోనూ వస్తుంది, పాలలో ఇనుము బహు తక్కువ. ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలని 2018 నాటి రక్తహీనత నిర్మూలన కార్యక్రమం చెబుతోంది. పప్పన్నమా పరుప్పు సాదమా అన్న పంచాయితీ కంటే ఇది ముఖ్యం.

సాయంత్రం ఆరు తరువాత

ఈ ఊళ్లో పిల్లలున్నవాళ్లకు ఒక గొప్ప సదుపాయం బీచ్ రోడ్డు. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటి దాకా గూబేర్ అవెన్యూ మీదికి వాహనాలు రానివ్వరు. అప్పుడే అడుగులు నేర్చిన పిల్లను చెయ్యి వదిలి నడిపించగలిగే నడివీధి మన నగరాల్లో ఎక్కడుంది? చాలా ఏళ్లు అక్కడ ఇసక లేదు. 1980లలో కట్టిన హార్బరు ఇసక కదలికను అడ్డుకోవడంతో తీరం కోసుకుపోయింది, ఊరిని కాపాడ్డానికి బండరాళ్లు పోశారు. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీళ్లలో ఉక్కు దిబ్బను దింపాక సచివాలయం ఎదుట మళ్లీ ఇసక చేరింది. పిల్లలకు ఆడుకోను ఇసక దొరికింది. అలల లాగుడు మాత్రం తగ్గలేదు, ఇసకలో ఆడించినా నీళ్లలోకి దింపకూడదు.

మణకుళ వినాయగర్ గుడి ఏనుగు లక్ష్మి 2022 నవంబరు 30న చనిపోయేదాకా పిల్లల సాయంత్రాల్లో అదీ ఒక మజిలీ. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్తే పెద్దవాళ్లకే గుర్తొస్తుంది.

బీచ్‌కి వెళ్లేదెలా అంటే, స్కూటరు మీద. ముందు నిలబెట్టుకుని హ్యాండిల్ పట్టించడం ఊరంతా చేసేదే. కానీ 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే నడిపేవాళ్లకు కట్టే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ముందు నిలబడ్డ పిల్ల సడన్ బ్రేకుకి ఎక్కడ పడుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రోజులోనే 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటప్పుడు ఆయా రాలేదు, క్రెష్ తెరవరు, రైళ్లు ఆగిపోతే అమ్మమ్మా బయల్దేరలేదు. ఆసుపత్రిలో డ్యూటీ ఉన్నవాళ్లకు మాత్రం సెలవుండదు. అందుకే అక్కడ కొత్తగా కాపురం పెట్టేవాళ్లు ఇల్లు చూసేటప్పుడు సముద్రం కనబడుతుందా అని కాక, కింది అంతస్తులోకి నీళ్లొస్తాయా, పక్కింట్లో పిల్లలున్న వాళ్లెవరైనా ఉన్నారా అని అడగడం మేలు. అలాంటి రోజున పిల్లను రెండు గంటలు ఉంచుకోగలిగేది ఆ పక్కింటావిడే, ఆమెతో మాట్లాడ్డానికి మీకు కాస్త తమిళం కావాలి. మీకు రాకపోయినా, రెండేళ్లు నిండిన మీ పిల్లకి ఈపాటికి వచ్చేసే ఉంటుంది.