కొత్త లాప్‌టాప్... కొత్తలోనే చెప్పాలి!

ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా దాని మంచీచెడ్డా ముందు తెలిసేది ఇల్లాలికే. గ్రైండరు రాయి సరిగ్గా తిరగకపోయినా, కుక్కరు విజిల్ వేయకపోయినా ఆ సాయంత్రమే సంచిలో పెట్టుకుని షాపుకెళ్తాం. ‘‘ఇదేం వస్తువయ్యా, మార్చి ఇస్తావా లేదా?’’ అని గట్టిగా అడిగి మరీ తెచ్చుకుంటాం. అదే మనం లాప్‌టాప్ దగ్గరకొచ్చేసరికి ఎందుకో నోరు మెదపం. ‘‘దాని సంగతి మనకేం తెలుసు, అబ్బాయి వచ్చాక చూస్తాడులే’’ అనుకుంటాం. ఆ అబ్బాయి దసరా సెలవులకి వచ్చేసరికి మార్పిడి గడువు కాస్తా దాటిపోతుంది. అరవై వేలో డెబ్భై వేలో పోసిన వస్తువు రిపేరుకి వెళ్లి కూర్చుంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఈ ఏడు కాలేజీలు తెరిచే రోజుల్లో నాలుగిళ్లలోకి నాలుగు కొత్త లాప్‌టాప్‌లు వచ్చాయి. కూతుర్ని ఇంజనీరింగ్‌లో చేర్పించి చీటీ పాడిన డబ్బుతో కొన్నావిడ ఒకరు. ఇంట్లో కూర్చుని నాలుగు దుకాణాల లెక్కలు రాసే అమ్మాయి ఒకరు. ట్యూషన్లు చెప్పే ఆవిడ మరొకరు. రిటైరైన తెలుగు టీచరుగారు ఇంకొకరు. సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వెళితే చాలు, ఎవరి లాప్‌టాప్ ఏం పేచీ పెడుతోందో ఆ మాటలే. నేనూ ఓ చెవి అటు వేశాను. వినగా వినగా ఒకటి అర్థమైంది. ఈ పేచీలన్నీ ఒక్కలాంటివి కావు. బియ్యం బాగుచేసినట్టు వీటినీ బాగుచేసుకోవచ్చు. చెరిగితే ఎగిరిపోయే పొట్టు కొన్ని, కడిగితే పోయే మట్టి కొన్ని, ఏరి పారేయాల్సిన రాళ్లు కొన్ని. ఏది ఏదో తెలియకపోతే పొట్టుని చూసి కంగారుపడతాం, రాయిని చూసి సర్దుకుపోతాం.

ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది!

అసలు పేచీ పెట్టె రాకముందే మొదలవుతుంది. లెక్కలు రాసే అమ్మాయి మంగళవారానికి వస్తుందన్నారని ఆర్డరు పెట్టింది. 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్నులు వేయాలి, పాత కంప్యూటరు మూలపడింది. మంగళవారం పోయి శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం ఫోనుకి ఒక మెసేజి, ‘మేం వచ్చాం, మీరు ఇంట్లో లేరు’ అని!

‘‘పొద్దుట్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాను పిన్నిగారూ, కూరగాయల బండికి కూడా కిందికి దిగలేదు’’ అని లబోదిబోమంది. అయితే ఆ పిల్ల ఒక మంచి పని చేసింది. ఆర్డరు పెట్టినప్పుడు చూపించిన తేదీ, తర్వాత మారుస్తూ వచ్చిన తేదీలు, ఈ మెసేజి అన్నీ ఫొటో తీసి దాచుకుంది. వాటిని జతచేసి అమ్మకందారుకి రాసింది. రెండో రోజున పెట్టె వచ్చింది.

మనలో చాలామంది ఆలస్యాన్ని తలరాత అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటాక సరుకు తెస్తే దాన్ని వెనక్కి తీసుకోననడానికి, కట్టిన డబ్బు తిరిగివ్వననడానికి అమ్మకందారుకి వీల్లేదు. వరదలూ తుపాన్ల లాంటి, ఎవరి చేతుల్లోనూ లేని కారణాలుంటే మాత్రం మినహాయింపు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక నిత్యావసరాలు తప్ప మరేవీ ఇంటికి తెచ్చివ్వడానికి కొన్ని వారాలపాటు అనుమతే లేదు. అది నిజంగా ఎవరూ ఏమీ చేయలేని ఆలస్యం. మూడు వీధుల అవతల నుంచే ‘మీరు ఇంట్లో లేరు’ అనడం అలాంటిది కాదు కదా!

పెట్టె వచ్చినప్పుడు తొందరపడకండి. డెలివరీ కుర్రాడు మన ఎదుటే పెట్టె విప్పి చూపించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడే అది ఉందేమో చూసి ఎంచుకోండి. అలాంటప్పుడు వస్తువు కళ్లారా చూశాకే ఓటీపీ చెప్పాలి. ఆ పద్ధతి లేకపోతే టేపు కత్తిరించకముందు నుంచీ లాప్‌టాప్ వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయించండి. పెట్టె మీది సీరియల్ నెంబరు, లాప్‌టాప్ అడుగున ఉన్న నెంబరు ఒకటేనో కాదో చూసుకోండి. బిల్లు మీద కూడా వేస్తే దాంతోనూ సరిచూడండి.

చెరిగితే పోయే పొట్టు

ఇంజనీరింగ్ అమ్మాయి వాళ్లమ్మ మొదటి రోజే గుండెలు బాదుకుంది. ‘‘512 జీబీ అని చెప్పి 476 జీబీదే అంటగట్టారు అక్కా, మోసం!’’ అని. మోసం కాదు. కంపెనీవాళ్లు జీబీకి వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ మాత్రం జీబీకి 107 కోట్ల పైచిలుకు లెక్కేస్తుంది. సరుకు అదే, కొలపాత్ర వేరు. ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచంతో కలిసేది కాదని మా అమ్మమ్మ చెప్పేది, అలాగన్నమాట. అందులోనూ విండోస్ తన సామాను కోసం కొంత చోటు తీసుకుంటుంది. అంచేత ఖాళీగా కనబడేది ఇంకా తగ్గుతుంది.

రెండో కంగారు వేడి, చప్పుడు. పెట్టె విప్పిన మొదటి ఒకట్రెండు రోజులు లాప్‌టాప్ లోపల కొత్త కాపురం సర్దుకుంటూ ఉంటుంది. కంపెనీ నుంచి రావాల్సిన కొత్త మార్పులన్నీ దిగుతుంటాయి. అందుకే ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, అడుగు వేడెక్కుతుంది. దాన్ని పరుపు మీదా దిండు మీదా పెట్టకండి, గాలి దారి మూసుకుపోతుంది. బల్ల మీద పెట్టి రెండు రోజులు ఓపిక పట్టండి. వారం తర్వాత కూడా ఏ పనీ చేయకుండానే విమానంలా మోగుతుంటే మాత్రం అది పొట్టు కాదు.

మూడోది ఛార్జింగు. ‘‘80 దగ్గర ఆగిపోయి పైకి ఎక్కడం లేదు’’ అన్నారు టీచరుగారు. ఇప్పటి బ్యాటరీలు లిథియం రకానివి. ఎప్పుడూ నిండుగా ఉంచినా, వేడిలో ఉంచినా త్వరగా ముసలివైపోతాయి. అందుకని కొన్ని కంపెనీలు 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు పెట్టాయి. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవాళ్లు మార్చకపోవడమే మంచిది. అన్నట్టు, కొత్త బ్యాటరీని మొదట ఎనిమిది గంటలు ఛార్జి చేయాలన్న పాత మాట ఈ రకానికి వర్తించదు.

కడిగితే పోయే మట్టి

ఇవి నిజమైన ఇబ్బందులే, కానీ వస్తువు చెడ్డది కాదు. ఎవరైనా చూపిస్తే ఐదు నిమిషాల్లో పోతాయి.

కీబోర్డులో 4 అంకె పక్కన రూపాయి గుర్తు కనబడుతుంటుంది, ఎలా నొక్కినా పడదు. భాషల సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ అమెరికాది పెట్టి ఉంటే రాదు. భారతదేశానిది పెట్టుకుని, కుడిపక్క ఆల్ట్‌తో కలిపి 4 నొక్కితే వస్తుంది. మన లెక్కలమ్మాయి అప్పటిదాకా ప్రతి బిల్లులోనూ ‘రూ.’ అని కొట్టుకుంటూ వచ్చింది.

కొన్ని లాప్‌టాప్‌లు విండోస్ ‘ఎస్ మోడ్’తో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికేవి తప్ప వేరేవి ఎక్కవు. కాలేజీవాళ్లు ఇచ్చిన సాఫ్ట్‌వేరు ఎక్కడం లేదని ఇంజనీరింగ్ పిల్ల ఏడుపు మొహం పెట్టింది కూడా అందుకే. ఆ మోడ్‌లోంచి బయటకు రావడానికి పైసా కట్టక్కర్లేదు, స్టోర్‌లోంచే రావచ్చు. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి వెళ్లలేం, అంతే. దీనికి వెయ్యి రూపాయలు అడిగేవాళ్లుంటారు, ఇవ్వకండి.

ఇక మన తెలుగు. టీచరుగారు పాత కంప్యూటర్లో టైపు చేయించుకున్న వ్యాసాలన్నీ కొత్తదాంట్లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనబడ్డాయి. ‘‘ఇరవయ్యేళ్ల రాత అమ్మా, పోయినట్టేనా?’’ అని ఆవిడ అడిగిన గొంతు ఇంకా నా చెవిలో ఉంది. పోలేదు. యూనికోడ్ రాకముందు తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మల్ని కూర్చేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అడుగున ఉన్న ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. అదే ఫాంటు ఎక్కిస్తే చదవొచ్చు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. ఇకమీదట రాసేవి యూనికోడ్‌లోనే రాసుకుంటే ఈ బాధ లేదు. 2019 నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది.

ఏరి పారేయాల్సిన రాళ్లు

తెర మీద ఎప్పుడూ ఒకేచోట నల్లగానో రంగుగానో కనబడే చుక్క. ఒక మీట రెండుసార్లు పడటం, లేదా పడకపోవడం. మూత తెరిస్తే కిర్రుమని మడత దగ్గర లేచిపోవడం. పని మధ్యలో తనంత తానే ఆరిపోవడం. బ్యాటరీ దగ్గర ఉబ్బెత్తుగా అనిపించడం. కొత్తదని ఇచ్చినదాంట్లో అప్పటికే ఎవరో వాడిన గుర్తులుండటం. ఇవి సర్దుకునేవి కావు. ‘వాడగా వాడగా సరవుతుంది’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఉబ్బినట్టుంటే అసలు వాడకుండా పక్కన పెట్టేయండి, అది ప్రమాదం.

ఇక్కడే రోజుల లెక్క ముఖ్యం. మార్చి ఇచ్చే గడువు ఒక్కో అమ్మకందారుకి ఒక్కోలా ఉంటుంది, ఏడు రోజులని కొందరు, పది రోజులని కొందరు. అది దాటితే కొత్తది మార్చి ఇవ్వమనడం కష్టమై, వారంటీ కింద రిపేరుతో సరిపెడతారు. కాబట్టి పరీక్షంతా మొదటి వారంలోనే. తెర మీద పూర్తి తెల్లటి బొమ్మ, పూర్తి నల్లటి బొమ్మ పెట్టి చుక్కలున్నాయేమో చూడండి. ప్రతి మీటా నొక్కండి. కెమెరా, మైకు, స్పీకరు, వైఫై, ప్రతి రంధ్రమూ ఒకసారి వాడి చూడండి. వారంటీ ఏ రోజు నుంచి లెక్కిస్తున్నారో సీరియల్ నెంబరుతో కంపెనీ సైట్‌లో చూడండి. బిల్లు తేదీకి ముందు నుంచే మొదలైనట్టుంటే బిల్లు చూపించి సరిచేయించుకోండి.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ట్యూషన్ చెప్పే ఆవిడ సంగతి. షాపులో కొనేటప్పుడు అక్కడి కుర్రాడు ‘‘మీకెందుకండీ శ్రమ, నేను చేసిస్తాను’’ అని తన ఈమెయిల్‌తోనే అంతా తెరిచి ఇచ్చాడు. రెండు నెలల తర్వాత ఒకరోజు లాప్‌టాప్ తెరవగానే 48 అంకెల రికవరీ కీ అడిగింది. పిల్లల మార్కులు, ప్రశ్నపత్రాలు, ఫీజుల లెక్క అన్నీ లోపలే. చాలా కొత్త లాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరవగానే లోపలిదంతా దానంతట అదే తాళం వేసుకుంటాయి. దొంగలెత్తుకెళ్లినా చదవలేకుండా చేసే ఏర్పాటు అది. దాని తాళంచెవి ఆ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రాడిది. మూడు రోజులు ఊరంతా వాకబు చేస్తే దొరికాడు కాబట్టి సరిపోయింది.

కొత్త లాప్‌టాప్ మన ఈమెయిల్‌తోనే, మన చేత్తోనే తెరవాలి. అందులో ఆఫీస్ సాఫ్ట్‌వేరు కలిపి ఇచ్చి ఉంటే అది కూడా మొదట తెరిచిన ఖాతాకే అతుక్కుపోతుంది. ఆ 48 అంకెల్నీ కాగితం మీద రాసి, బ్యాంకు పాసుపుస్తకాలతోపాటు బీరువాలో పెట్టండి. బిల్లు వాడేవాళ్ల పేరు మీద తీసుకోండి. మనం సంపాదించి కొన్నదానికి బిల్లు మీద మన పేరుంటే ఎవరూ తప్పుపట్టరు. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ‘‘మీవారిని పంపండి’’ అనే మాట పడక్కర్లేదు.

ఎవరికి చెప్పుకోవాలి?

ముందు అమ్మకందారుకి, రాతపూర్వకంగా. ఫోనులో ఎంతసేపు మాట్లాడినా చివర ఒక ఈమెయిల్ పెట్టండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి, నిబంధన అది. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలై 20 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంతో మనం ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న నగరానికి పరిగెత్తక్కర్లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకపోయినా ఫర్వాలేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో దాఖలు చేసుకునే వీలూ ఉంది.

ఇన్ని చెప్పినా మొదటి మెట్టు మనదే. ‘‘నాకేం తెలియదు’’ అనే మాట మానేద్దాం. మీట రెండుసార్లు పడుతోందని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఈ వారం మీ ఇంటికి లాప్‌టాప్ వస్తోందా? అయితే మార్పిడి గడువు ఏ తేదీకి ముగుస్తుందో చూసి, పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి.