బొమ్మిడాయి బంధువు కాదు!

మొన్న ఉగాది భోజనాల దగ్గర మాట బొమ్మిడాయిల పులుసు మీదికి మళ్ళింది. లండను ఈస్ట్ ఎండులో అమ్మే ఈల్ చేపను తెచ్చి, చింతపండు పిసికి పులుసు పెడితే అచ్చం గోదావరి బొమ్మిడాయిలాగే ఉంటుందని ఒక మిత్రుడు సెలవిచ్చారు. "రెండూ ఒకే జాతి కదండీ!" అన్నారు మరొకరు. పక్కన కూర్చున్న చిన్నమ్మాయి, "అసలది పామా, చేపా?" అని అడిగింది. పెద్దలం తలా ఒక జవాబు చెప్పాం. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, మేము చెప్పిన వాటిలో సగం తప్పులే. ఆ తప్పులు దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఈల్ పాము కాదు, చేపే. మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, రెక్కలున్నాయి. తెలుగులో మలుగు, మలుగుపాము అంటారు. కృష్ణా, గోదావరి నదుల్లో ఉన్నది ఈ కుటుంబమే. ప్రపంచం మొత్తం మీద మలుగు వర్గంలో సుమారు వెయ్యి రకాలున్నాయి. ఎక్కువ భాగం సముద్రానివే. బొమ్మిడాయి మాత్రం వీటిలో చేరదు. ఒళ్ళు పొడుగ్గా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలవదు. దాని వీపు మీద వరసగా ముళ్ళుంటాయి, మలుగుకు ఉండవు. వంశవృక్షం గీస్తే బొమ్మిడాయి మలుగుకన్నా మన కొరమీనుకే దగ్గర!

మరి అసలైన మలుగును పోల్చుకోవడం ఎలా? దాని పసితనం చూడాలి. గుడ్డులోంచి వచ్చిన మలుగు పిల్ల తల్లిలా ఉండదు. తమలపాకును నిలువునా సాగదీసినట్టు పలచగా, అద్దంలా పారదర్శకంగా, చిన్న తలతో ఉంటుంది. లెప్టోసెఫాలస్ అంటారు. గ్రీకు భాషలో సన్నని తల అని అర్థం. చాలాకాలం దీన్ని వేరే చేప అనుకుని, ప్రత్యేకంగా పేరు పెట్టి జాబితాల్లో రాసుకున్నారు. 1890లలో ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాసీ, కలంద్రుచ్చో ఈ ఆకు పిల్ల పెరిగి ఈల్‌గా మారుతుందని రుజువు చేశారు. ఆకారంలో మలుగుకు ఏ పోలికా లేని టార్పన్ చేపకు కూడా ఇటువంటి పిల్లలే పుడతాయి. అందుకే 1966లో గ్రీన్‌వుడ్ ప్రభృతులు ఈ ఆకు పిల్లల వాళ్ళందరినీ ఒకే పెద్ద వర్గంగా కూర్చారు.

ఇప్పుడు లోతు సముద్రానికి వెళదాం. వెలుతురు చొరని ఆ చీకట్లో, 500 నుంచి 3000 మీటర్ల లోతున, పెలికాన్ ఈల్ తిరుగుతూ ఉంటుంది. మనం గూడబాతు మలుగు అనుకోవచ్చు. ఫ్రాన్సుకు చెందిన వయాఁ 1882లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఒళ్ళు తాడులా సన్నం, నోరు మాత్రం సంచి. తోక చివర చిన్న దీపంలాంటి అవయవం. పొలుసులు లేవు, పక్కటెముకలు లేవు, గాలితిత్తి లేదు, మొప్పల మీద మూత ఎముకలు లేవు. అంత నోరున్నా తినేది ఎక్కువగా చిన్న చిన్న రొయ్యలవంటి జీవులనే. దీని దాయాదుల్లో ఒకదానికి పైదవడే లేదు. ముక్కు దగ్గర మాత్రం విషపు గ్రంథులతో కలిసిన కోర ఉంటుంది. ఈ వింతలన్నీ చూసి చెర్నావిన్ అనే శాస్త్రజ్ఞుడు 1946లో, ఇవి మిగిలిన ఎముకల చేపలన్నిటికీ దూరమని రాశాడు. కాని వీటికీ పసితనంలో ఆకు రూపమే. ఇంటిపేరు దాగలేదు.

చూపును నమ్మి మోసపోవడం అక్కడితో ఆగలేదు. స్నైప్ ఈల్ అని మరొకటుంది. పొడుగాటి ముక్కు, దారంలాంటి ఒళ్ళు, 700 పైచిలుకు వెన్నుపూసలు. ఈ కుటుంబంలో మగవాటికి ఈడు రాగానే ముక్కు కురచబడి, పళ్ళు రాలిపోతాయి. ఇలా మారిన మగవాటిని శాస్త్రజ్ఞులు కొంతకాలం వేరే కుటుంబంగా లెక్కించారు!

అసలు ఆశ్చర్యం 2010లో వచ్చింది. మలుగు వర్గంలోని 19 కుటుంబాలనుంచి 56 రకాల జన్యువులను జపాను శాస్త్రజ్ఞుడు ఇనోవే బృందం పోల్చి చూసింది. నదుల్లో ఉండే మలుగుకు దగ్గరి చుట్టాలెవరో తేలింది. ఒడ్డు దగ్గర రాళ్ళలో ఉండే మోరేలు కావు. నడిసముద్రపు లోతుల్లోని స్నైప్ ఈల్, గూడబాతు మలుగు! నది మలుగు పూర్వీకుల ఇల్లు లోతు సముద్రమన్నమాట. తిండికోసం మంచినీటికి వచ్చింది గాని, పుట్టింటిని వదులుకోలేదు.

ఐరోపా ఈల్ ఈ మాటకు సాక్ష్యం. ఏళ్ళ తరబడి నదిలో పెరిగి, ఒకనాడు ఒంటికి వెండిరంగు తిరిగి, కళ్ళు పెద్దవై, తిండి మాని సముద్రం దారి పడుతుంది. రాత్రి 300 మీటర్ల దాపున, పగలు 500 మీటర్లకు దిగువన ఈదుతుంది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ష్మిట్ దశాబ్దాల తరబడి ఆకు పిల్లలను వలవేసి పట్టి, అన్నిటికన్నా చిన్నవి సర్గాసో సముద్రంలో దొరకడం చూసి, పుట్టింటి చోటు 1920లలో లోకానికి చెప్పాడు. పెద్ద ఈల్ అక్కడికి చేరడం మాత్రం 2022లోనే, అజోర్స్ దీవుల్లో ఉపగ్రహ పరికరాలు కట్టి వదిలిన వాటివల్ల, మొదటిసారి నేరుగా తెలిసింది.

ఈ దారి ఇప్పుడు మూసుకుపోతోంది. వసంతంలో సెవర్న్ నదికి వచ్చే గాజు పిల్లలు మనలో కొందరు చూసే ఉంటారు. ఐరోపా తీరాలకు చేరే పిల్లల సంఖ్య 1980ల తరువాత 90 శాతానికి పైగా పడిపోయింది. 2008 నుంచి ఈ చేప అంతరించే ప్రమాదం మిక్కిలిగా ఉన్న వాటి పట్టికలో ఉంది. కారణం ఒక్కటి కాదు. అతిగా పట్టడం, చిత్తడి నేలలు ఎండబెట్టడం, నదికి అడ్డంగా ఆనకట్టలు, వాటి యంత్రాలు. 2009లో ఇంగ్లండు, వేల్సులలో చట్టం చేసి, అడ్డుకట్టల దగ్గర ఈల్ ఎక్కి పోవడానికి దారులు పెట్టడం మొదలెట్టారు. మన గోదావరి మలుగు కూడా ఉప్పునీట పుట్టి నది ఎక్కవలసినదే. ఆనకట్ట దానికీ అడ్డే.

కాబట్టి ఆ చిన్నమ్మాయికి మా జవాబు ఇది: అది చేప. అయితే నువ్వు చూసిన నదిచేప సగం కథే. తక్కిన సగం చీకటి సముద్రంలో ఉంది. ఆ రెంటి మధ్య దారి తెగితే రెండూ ఉండవు.

ఇక పులుసు సంగతి. బొమ్మిడాయి కోసం ఈల్‌ను వండకండి. అది చుట్టమూ కాదు, ఇప్పుడు చవకా కాదు.