కారును ఆపేదేది?

పిల్లలూ! పరిగెత్తే కారును ఆపేదేది? "బ్రేకు!" అని మీరందరూ ఒక్కసారే అంటారు. క్లాసులో ముప్ఫై ఏళ్ళపాటు ఈ ప్రశ్న అడిగాను. ముప్ఫై ఏళ్ళూ ఇదే జవాబు వచ్చింది. అది సగం జవాబే. మిగతా సగం మరిచిపోయి నా శిష్యుడొకడు ఎంత పని చేసుకోబోయాడో చెబుతాను, వినండి.

వాడు ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ దేశంలో ఐఫెల్ కొండల మధ్య న్యూర్‌బుర్గ్‌రింగ్ అనే కార్ల పందేల బాట ఉంది. 1927లో తెరిచారు. దాని ఉత్తరపు చుట్టు ఒక్కటే దాదాపు 21 కిలోమీటర్లు. అందులో డెబ్భైకి పైగా మలుపులు. బాటలో అన్నిటికన్న ఎత్తయిన చోటుకూ, పల్లపు చోటుకూ సుమారు 300 మీటర్ల తేడా. కొన్ని రోజుల్లో రుసుము కట్టి ఎవరైనా తమ సొంత కారుతో ఆ బాటమీద తిరగవచ్చు. మావాడు మహా వేగంగా పోయే కారొకటి కొని అక్కడికి వెళ్ళాడు. ఒక చుట్టు పూర్తికాకుండానే బ్రేకు పెడలు మెత్తబడి, కాలి కింద లోపలికి దిగిపోసాగింది. ఎలాగో కారును పక్కకు తెచ్చి ఆపాడు.

ఎందుకలా అయింది? పరిగెత్తే కారులో శక్తి ఉంటుంది. కారు ఆగినప్పుడు ఆ శక్తి ఎక్కడికీ పోదు, చాలాభాగం బ్రేకులలో వేడిగా మారుతుంది. 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే ఎంత వేడి పుడుతుందో తెలుసా? రెండు లీటర్లకు కాస్త తక్కువగా చన్నీళ్ళు మరిగేటంత! వేగం రెండింతలయితే వేడి నాలుగింతలు. అదీ మూడు నాలుగు సెకండ్లలో. మన ఇంట్లో పొయ్యి ఆ పని చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో అమ్మనడగండి.

పాదం నొక్కిన నొక్కును చక్రాల దాకా మోసుకుపోయేది ఒక ద్రవం. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తలో 230 డిగ్రీల లోపున మరగదు. చెమ్మ పట్టిన తరవాత 155 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. బుడగలు పుడితే ఏమవుతుందో మీరే చూడవచ్చు. సూదులు లేని సిరంజీలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది తీసుకోండి. సన్నని గొట్టంతో కలిపి నీళ్ళు నింపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దదాని పిడి వెంటనే కదులుతుంది. ఇప్పుడు మధ్యలో కాస్త గాలి చేరనివ్వండి. మీ బలమంతా గాలిని నొక్కడానికే సరి! ఇంకొక సంగతి కూడా గమనించండి: చిన్న సిరంజీ పిడి ఎంతో దూరం కదిలితే గాని పెద్దదాని పిడి కొంచెం కదలదు. ఇది తరవాత పనికివస్తుంది.

ద్రవం మార్చుకుంటే మావాడి పని చాలావరకు తీరిపోయేది. కాని వాడు ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని పట్టి నొక్కే పెద్ద ఎర్ర క్యాలిపర్లు, పందెపు కార్లకని చేసిన ప్యాడ్లు తెప్పించి వేయించాడు. చూడడానికి అవి బ్రహ్మాండంగా ఉన్నాయిట. ఈసారి బాటమీద పెడలు మెత్తబడలేదు. వాడి ఆనందానికి మేర లేదు.

తరవాత ఒకనాటి ఉదయం బాగా చలిగా ఉంది. వాడు ఆఫీసుకు బయలుదేరి వీధి మలుపు తిరిగాడు. ఎదురుగా తెల్లచారల మీద ఒక తల్లి చిన్నపిల్లను చెయ్యిపట్టుకుని రోడ్డు దాటిస్తున్నది. వాడు బ్రేకు నొక్కాడు. కారు ఆగలేదు! రెండు కాళ్ళతో తొక్కాడు. చారలకు జానెడు ఇవతల ఆగింది.

ఆ రాత్రే నాకు ఫోను చేశాడు.

"మేస్టారూ, ఇంత పెద్ద బ్రేకులు వేశాను. పాతవాటిపాటి కూడా ఎందుకు పట్టలేదంటారు?"

"ఒరే, కారును ఆపేదేదిరా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "టైరుకూ రోడ్డుకూ ఉండే రాపిడండీ," అన్నాడు.

అదీ మిగతా సగం! బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది, ఒక్కొక్క టైరు కింద అరచేయంత మేర నేలను పట్టుకుని ఉండే రబ్బరు. మంచి కారుకు కంపెనీ వేసిన బ్రేకులే చక్రాన్ని బిగబట్టేటంత బలంగా ఉంటాయి. అంతకన్న పెద్దవి వేసినంత మాత్రాన టైరు నేలను ఇంకా గట్టిగా పట్టుకోదు. పెద్ద డిస్కువల్ల లాభం లేకపోలేదు: అది ఎక్కువ వేడిని ఇముడ్చుకుంటుంది, కనక మళ్ళీ మళ్ళీ ఆపవలసిన చోట అలసిపోదు. ఒక్కసారి ఆపడానికి దాని గొప్ప ఏమీ లేదు.

మరి ఆ ఉదయం అసలే పట్టకపోవడానికి కారణం ప్యాడ్లు. పందెపు ప్యాడ్లలో చాలా రకాలు కొన్ని వందల డిగ్రీల వేడెక్కితేగాని సరిగా పట్టవు. బాటమీద అవి నిప్పులా ఉంటాయి, చలి ఉదయం వీధిలో రాళ్ళలా ఉంటాయి. దానికి తోడు సిరంజీల సంగతి ఉంది. పెడలు దగ్గరి సిలిండరు పాతదే, క్యాలిపర్లు మాత్రం పెద్దవి. అందుచేత పాదం ఎక్కువ దూరం దిగాలి.

ఇంకా ఉంది. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడును లెక్కకట్టి ముందు చక్రాలకు ఇంత, వెనక చక్రాలకు ఇంత అని కంపెనీ వారు పంచి పెడతారు. ముందువాటికి మరీ ఎక్కువైతే వెనక టైర్లు తమ వంతు పని చెయ్యవు. ఆగే దూరం పెరగనూవచ్చు. వెనకవాటికి ఎక్కువైతే అవి ముందుగా బిగుసుకుపోయి కారు బొంగరంలా తిరుగుతుంది. చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏ.బి.ఎస్. అనే ఏర్పాటు 1978 నుంచి కార్లలో వస్తున్నది. దాన్ని కూడా ఆ కారు బ్రేకులకు తగినట్టే సరిచేసి ఉంచుతారు.

డిస్కు బ్రేకుకు లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. కాని దాని ఘనత లోకానికి తెలిసింది 1953లో, ఫ్రాన్సులో లె మాన్స్ అనే చోట ఇరవైనాలుగు గంటల పందెంలో జాగ్వార్ కారు గెలిచినప్పుడు. ఆ బ్రేకుల కోసం జాగ్వార్ వారూ, డన్‌లప్ వారూ కలిసి పనిచేశారు. ఎవరో చేసినదాన్ని తెచ్చి తగిలించలేదు.

జర్మనీలో అనుమతి పత్రం లేని బ్రేకులు వేస్తే ఆ కారుకు రోడ్డుమీద తిరిగే హక్కే పోతుంది. మావాడు అట్టపెట్టె తిరగేసి చూస్తే, "పందేలకు మాత్రమే" అని చిన్న అక్షరాలతో ఉన్నదిట!

వాడు పాత బ్రేకులే మళ్ళీ వేయించాడు, కొత్త ద్రవం పోయించాడు. ఇప్పటికీ ఆ బాటమీదికి వెళతాడు. కాని ఒక చుట్టు వేగంగా తిరిగితే, మరొక చుట్టు బ్రేకులకు గాలి తగిలేటట్టు నెమ్మదిగా తిరుగుతాడు. ఎర్ర క్యాలిపర్లు వాడి గదిలో ఒక మూల పడి ఉన్నాయి.

"అమ్మెయ్యకూడదట్రా?" అన్నాను మొన్న.

"కొనడానికి ఒక కుర్రవాడు వచ్చాడండీ. వాడిది నా కారులాంటి కారే. అందుకే ఇవ్వలేదు," అన్నాడు.